తోకియె వదిన చూడని పువ్వులు

మా తోకియె వదినకు కోపం ఎక్కువని కొండ కింద హినోసావా ఊళ్లో ప్రతివాళ్లూ అంటారు. అనేవాళ్లను జూన్ నెలలో ఆమె వంటింట్లో ఒక్క పూట నిలబడి, ఆ తర్వాత మాట్లాడమనండి. నాకూ కోపం ఎక్కువే. ఆమె మొగుడు తమోత్సు నాకు తోడబుట్టిన అన్న. ఆడపడుచునై ఉండి వదిన పక్షం పట్టానని ఊళ్లోవాళ్లు ఇప్పటికీ బుగ్గలు నొక్కుకుంటున్నారు. నొక్కుకోనీండి.

కేబుల్ కారు దిగగానే ఎడమ చేతి వైపు మా సోబా సేమ్యాల కొట్టు, కుడి చేతి వైపు కామినోతా గేటు. కామినోతా అంటే దేవతల వరిమడి అని పెద్దవాళ్లు పెట్టిన పేరు. కొండ నెత్తిన, అంత చలిలో వరి ఎక్కడ పండుతుంది? అదంతా నాచు పేరుకున్న చిత్తడి నేల. మధ్య మధ్య చిన్న చిన్న మడుగులు. పై నుంచి చూస్తే నాట్లకు నీళ్లు పెట్టిన మడుల్లాగే ఉంటాయి. ఆ నేల మీద రెండు పలకల వెడల్పున చెక్కబాట వేశారు. పలక దిగి ఒక్క అడుగు నాచు మీద వేస్తే ఆ గుంట పూడడానికి మన ఆయుష్షు చాలదు. ఆ అడుగు ఎవరూ వేయకుండా కాపలా కాయడమే మా అన్న ఉద్యోగం. మెడలో ఈల, చేతికి పచ్చ పట్టీ, నోటి నిండా అరుపులు.

గేటు దగ్గర ఒక బ్రష్షుల పెట్టె ఉంటుంది. కింద రోడ్ల పక్కన మొలిచే పిచ్చి మొక్కల గింజలు బూట్లకు అంటుకుని లోపలికి రాకుండా, ప్రతివాళ్లూ అడుగులు తోముకున్నాకే లోపలికి వెళ్లాలి. మంత్రి వచ్చినా తోముకోవాల్సిందేనని మా అన్న గొప్పగా చెప్పుకుంటాడు. మంత్రి ఎప్పుడూ రాలేదనుకోండి.

జనం వచ్చేది నీటి అరటి కోసం. మంచు వెనక్కి తగ్గిన చోటల్లా, ఇంకా ఆకులు రాకముందే, బురదనీళ్లలోంచి తెల్లటి పువ్వు లేస్తుంది. ఒకే ఒక్క పెద్ద రేకు ముసుగులా కప్పుకుని, దాని లోపల పసుపుపచ్చ కంకి. పువ్వు వాడాక ఆకు పెరుగుతుంది, అరటాకంత. అందుకే ఆ పేరు. పువ్వులు ఉండేది పది రోజులో, పన్నెండు రోజులో. మా కొట్టులో ఊపిరాడని రోజులూ సరిగ్గా అవే.

వదిన కింద వరిపొలాల ఊరి నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చింది. వచ్చిన ఏడే మా అమ్మ ఆమె చేతికి సోబా పిండి వత్తే కర్ర ఇచ్చి, "ఇక నీది" అంది. నాకు ఇవ్వలేదు. నేను కోసిన సేమ్యాలు పొయ్యిలో పెట్టే పుల్లల్లా ఉంటాయట. ఆ కర్ర వదిన చేతికొచ్చి ముప్పై ఏళ్లు దాటింది. మొదటి కేబుల్ కారు పైకి రాకముందే పిండి కలపాలి. ఆఖరి కారు దిగిపోయాక అండాలు కడగాలి. మధ్యలో ఆమెకు మాట్లాడే తీరిక దొరికితే తిట్లకే వాడుకునేది.

"ఏం బాబూ, చప్పుడు చెయ్యకుండా తింటున్నావ్? సేమ్యాలు జుర్రుకుని తినాలి. నీ తిండి చూస్తుంటే ఎవరో పోయిన ఇంటికొచ్చినట్టుంది."

పట్నం కుర్రాళ్లు బెదిరిపోయి జుర్రేవాళ్లు. తిన్నాక ఫోను తీసి పువ్వుల ఫొటోలు చూపించేవాళ్లు. "చూడండి పిన్నిగారూ, ఎంత బావున్నాయో!" ఆమె చూసిన నీటి అరటి పువ్వంతా అంతే. పులుసు ఆవిరి పట్టిన అరచేయంత అద్దంలో. శరదృతువులో గడ్డి బంగారు రంగు తిరిగినప్పుడు లోపలికి వెళ్లింది. దూదిగడ్డి విచ్చినప్పుడూ ఒకసారి వెళ్లింది. జనం పల్చబడి ఆమెకు చేతులు ఖాళీ అయ్యేసరికి నీటి అరటికి ఆకులే మిగిలేవి. పెళ్లంతా వంటింట్లో గడిపి, చివరికి ఎంగిలి విస్తళ్లు చూసినట్టు.

అలాగని అడగలేదా? అడిగింది. కోడలిగా వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో, ఆఖరి కారు వెళ్లిపోయాక తడి చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వెళ్లింది. అన్న అప్పుడే తాళం వేస్తున్నాడు.

"ఒక్కసారి చూసొస్తా. ఇలా వెళ్లి అలా వచ్చేస్తా."

"వేళ దాటాక ఎవరినీ వెళ్లనివ్వకూడదు."

"నేను ఎవర్నా?"

"సొంత పెళ్లాన్ని పంపిస్తే రేపు పరాయివాళ్ల మీద ఏ మొహం పెట్టుకుని అరవను?"

ఆ మాట నేను చెవులారా విన్నాను. వదిన మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆ పెద్దమనిషి మాత్రం ఏటా ఆ పది రోజులూ రాత్రి భోజనాల దగ్గర కూర్చుని, "ఇవాళ పువ్వులు చూడాలి తోకియె! నిన్నటి కంటే ఇవాళ ఇంకా బావున్నాయి" అని వర్ణించేవాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే. వదిన పులుసు గిన్నె అతని ముందు ఠక్కున పెట్టేది. అన్నంలోకి ఊరగాయ ఇంకొంచెం వేయమనడానికి కూడా అతనికి ధైర్యం ఉండేది కాదు. అయినా వర్ణన ఆపేవాడు కాదు.

ఈ ఏడు మంచు పడుతుండగానే కబురు వచ్చింది. కొట్టున్న స్థలం పార్కువాళ్లది, వచ్చే ఏటి నుంచి దాన్ని పట్నం కంపెనీకి ఇచ్చేస్తారట. మీట నొక్కితే చీటీ వస్తుందట. సేమ్యాలు గడ్డకట్టించిన సంచుల్లో వస్తాయట. వదిన ఆ కబురు తెచ్చిన మనిషిని ఏమీ అనకుండా పంపించేసింది. అది చూసే నాకు భయమేసింది.

"పోనీలే" అన్నాడు అన్న. "నీ మోకాళ్లు కూడా అరిగాయి. వచ్చే ఏడు హాయిగా టికెట్టు కొనుక్కుని, తీరిగ్గా పువ్వులు చూద్దువుగాని."

వదిన కళ్లెర్రబడ్డాయి. "నా గుమ్మానికి ఎదురుగా ఉన్నదాన్ని నేను టికెట్టు కొనుక్కుని చూడాలా? ఆ సంచీ సేమ్యాలు తిని? ఈ ఏడు దిగాక ఈ కొండ నేను మళ్లీ ఎక్కను. చూస్తే ఈ ఏడే చూడాలి. లేకపోతే లేదు."

అన్నట్టే చేసే మనిషి. ఆమె పట్టుదల గురించి మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు.

గేటు తెరిచే పండగకు ముందు కొన్నాళ్లు మేమంతా పైకి వెళ్లి కొట్టు అటక మీదే పడుకుంటాం. మగవాళ్లు చెక్కబాట మీది మంచు తవ్వుతారు. తవ్వలేనంత లోతున్న చోట బాట ఎటు పోతుందో తెలిసేలా మంచు మీద ఎర్రమట్టి పొడితో గీత గీస్తారు. మేము వంటిల్లు తెరుచుకుంటాం. ఆ రోజుల్లో గేటు అడ్డం ఉండదు, గేటు కూడా మంచు కిందే ఉంటుంది కాబట్టి.

ఒక మధ్యాహ్నం వదిన పొయ్యిలో బూడిద అంతా వీపు బుట్టలోకి ఎత్తుతోంది. పక్కన పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఊక బొగ్గు సంచి.

"ఏంటొదినా అది?"

"మెట్లు జారుతున్నాయిగా. చల్లుదామని."

నమ్మాను. మెట్ల మీద బూడిద చల్లడం మామూలే. మెట్లకు అంత బూడిద ఎందుకని నాకు తట్టలేదు.

మంచు దేశపు వరిరైతులు ఎవరైనా చేసే పనే ఆమె చేసింది. వసంతం వచ్చినా పొలం మీద మంచు కదలకపోతే కాల్చిన ఊక చల్లుతారు. నలుపు ఎండను లాగుతుంది, మంచు ముందే కరుగుతుంది, నారు వేళకు పడుతుంది. వాళ్ల నాన్న చల్లాడు, తాత చల్లాడు. చిన్నప్పుడు చేటతో ఆమే చల్లింది. మొదటి మలుపు దాటాక ఒక గుంట ఉంది, నీటి అరటి ఒత్తుగా లేచే చోటు. మగవాళ్లు దూరంగా తవ్వుకుంటుంటే ఆమె రోజూ మధ్యాహ్నం వెళ్లి ఆ గుంటలోని మంచును నల్లగా చేసి వచ్చింది. గేటు తెరవకముందే, జనం రాకముందే, పిండి కలిపే రోజులు మొదలుకాకముందే, ఆ గుంటలో పూయించుకుని చూద్దామని.

ఎండలు కూడా బాగా కాశాయి. ఒక సాయంత్రం మొహం వెలిగిపోతూ వచ్చింది.

"ఇకుకో, రేపు పొద్దున్నే నాతో రా."

"ఎక్కడికి?"

"రమ్మంటే రావడమే. అడక్కు."

ఆ రాత్రి మబ్బు విడిపోయింది. కొండ మీద మబ్బు విడిపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. కానీ గుంటలో పువ్వుల సంగతి నాకు తెలియదు కనక నిద్రపోయాను. ఆమె నిద్రపోలేదని పొద్దున్న కళ్లు చూస్తే తెలిసింది.

గుంట చుట్టూ మంచు, మధ్యలో నల్లటి బురద. ఆ బురదలో నీటి అరటి పువ్వులు లేచిన మాట నిజమే. బోలెడు లేచాయి. మంచు దుప్పటి కింద ఉండాల్సినవి తొందరగా బయటికొచ్చి, మబ్బు విడిన రాత్రి గడ్డకట్టిన తుషారానికి దొరికిపోయాయి. ఒక్కటి మిగల్లేదు. వేడినీళ్లు పోసిన తోటకూరలా గోధుమరంగు తిరిగి వాలిపోయాయి. వదిన మోకాళ్ల మీద కూలబడి ఒక పువ్వును వేలితో ఎత్తి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నేనూ వంగాను. తడిసిన బూడిద వాసన, బురద వాసన.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది" అన్నాను. అనకుండా ఉండాల్సింది, కానీ నాకూ ఒళ్లు మండిపోయింది. "అది పొలం కాదొదినా!"

అప్పుడే ఎలుగుబంట్లు దగ్గరికి రాకుండా అన్న నడుముకు కట్టుకునే గంట మోగుతూ వచ్చింది. కొత్తగా గీసిన ఎర్రగీత వెంబడి వస్తూ నల్లటి గుంటను చూశాడు. ఫొటోల పిచ్చివాడెవడో దొంగతనంగా ఎక్కాడనుకున్నాడు. దూరం నుంచే మొదలుపెట్టాడు.

"ఎవడాడు? ఎవడా వెధవ? కాళ్లు విరగ్గొడతా!"

వదిన లేచి నిలబడింది. "వెధవ కాదు. నీ పెళ్లాం."

అన్న బుట్ట చూశాడు, ఆమె చేతులు చూశాడు.

"బూడిదా? కామినోతాలో బూడిదా? ఇది మీ నాన్న పొలమనుకున్నావుటే?"

"దేవతల వరిమడి అని పేరు పెట్టింది మీ తాతలేగా! మా నాన్న పొలమైతే నన్ను గట్టు మీద నిలబెట్టి తాళం వేసేవాళ్లు కాదు."

"ఎన్నేళ్లు కాపాడాను దీన్ని! ఒక్కడు కాలు పెట్టకుండా..."

"కాపాడావు. పట్నం వాళ్లందరికీ చూపించావు. నేను మాత్రం వాళ్లు తాగి వదిలేసిన పులుసు గిన్నెలు కడిగాను. రోజూ రాత్రి వచ్చి నా చెవిలో వర్ణించావే, అది తిండి పెట్టకుండా వాసన చూపించినట్టు కాదూ? ఒక్కనాడు, ఒక్క సాయంత్రం ఆ తాళం తీశావా?"

"అది నా తాళమా?"

"తాళం నీది కాదు. పెళ్లాన్నైతే నీదాన్నేగా!"

అన్న గిర్రున తిరిగి వెళ్లిపోయాడు. తిన్నగా పార్కు పెద్ద హనిషినా దగ్గరికి వెళ్లి, బూడిద చల్లింది నా భార్యేనని తన నోటితోనే చెప్పాడు.

నేను మధ్యాహ్నం అతన్ని పట్టుకుని దులిపేశాను. "తుషారం కొట్టిందని చెప్తే నీ సొమ్మేం పోయేదన్నయ్యా? అబద్ధం కూడా కాదుగా!"

"ఇన్నేళ్లూ పరాయివాళ్ల మీద అరిచాను ఇకుకో. సొంతవాళ్లు చేస్తే మింగెయ్యమంటావా?"

అందులోనూ న్యాయం ఉంది. అందుకే నాకు మరింత మండింది.

హనిషినా మంచివాడే, మెత్తగా మాట్లాడతాడు. మెత్తగా మాట్లాడేవాళ్లతోనే చిక్కు. వచ్చి నడుము వంచి నమస్కారం పెట్టి, "కంచే చేను మేస్తే ఎలాగమ్మా తోకియె గారూ? కొట్టు నడుపుకోండి, అభ్యంతరం లేదు. ఈ ఏడు గేటు మాత్రం దాటకండి" అన్నాడు. వదిన కూడా నడుము వంచింది. తప్పు తనదేనంది. క్షమించమంది. అతను వెళ్లాక పిండి ముద్దను బల్ల మీద వేసి బాదిన బాదుడుకు అటక మీద దుమ్ము రాలింది.

"ఈ ఏడే చూడాలన్నాను" అంది నాతో. "ఈ ఏడే మూసేశారు."

ఆ తర్వాత మొగుడూ పెళ్లాలకు మాటల్లేవు. అతని గిన్నెలో సేమ్యాలు పెట్టేది, పులుసు పోసేది కాదు. అతను పొడి సేమ్యాలు నమిలి లేచిపోయేవాడు. రాత్రిళ్లు వర్ణనలూ ఆగిపోయాయి.

గేటు తెరిచిన రోజు ఎండ విరగకాసింది. పెద్ద చిత్తడిలో మంచు దాని వేళకు అది కరిగి, పువ్వులు వాటి వేళకు అవి లేచాయి. కేబుల్ కార్లు జనాన్ని కుమ్మరించాయి. మా కొట్టు ముందు వరస గేటు దాకా సాగింది. వదిన కోస్తోంది, నేను ఉడకబెడుతున్నాను. చూసి వచ్చినవాళ్ల మొహాలన్నీ వెలిగిపోతున్నాయి, మా ఇద్దరి మొహాలు తప్ప.

అప్పుడు కొత్త టోపీ పెట్టుకున్న ఒకావిడ గిన్నె అందుకుంటూ నవ్వింది. "మీకేమండీ, అదృష్టవంతులు! రోజూ చూసి చూసి విసుగెత్తిపోయి ఉంటుంది."

వదిన చేతిలో కత్తి ఆగింది. ఆవిడ వైపు చూడను కూడా చూడలేదు. కత్తి కింద పెట్టింది. నా పక్కకొచ్చి అండా కింద మంట ఆర్పేసింది. ఏప్రన్ విప్పి మేకుకు తగిలించింది.

"వదినా, జనం..."

"ఉండనీ."

బయటికి వెళ్లి అందరితో పాటు వరసలో నిలబడింది. టికెట్టు కొంది. టికెట్టు కొనుక్కుని చూడాలా అని మండిపడిన మనిషే. నేను 'అయిపోయింది' అన్న పలక తిప్పి వెనకాలే పరుగెత్తాను. ఆకలితో ఉన్నవాళ్లు ఏమన్నారో నేను వినదలుచుకోలేదు.

గేటు దగ్గర అన్న. ఆమె టికెట్టు చాపింది. అతను అందుకోలేదు.

"హనిషినా గారు వద్దన్నారు."

"కొట్టు నడిపే తోకియెని వద్దన్నారు. నేను టికెట్టు కొన్న మనిషిని. నీకు పరాయిదాన్నే. పరాయివాళ్లందర్నీ పంపిస్తున్నావుగా, నన్నూ పంపించు."

వెనక వరసలోంచి ఒక ముసలాయన, "ఏమయిందండీ, కదలరేం?" అన్నాడు. అన్న ఆయన్ని చూడలేదు. వదిన కళ్లలోకీ చూడలేదు. ఆమె కాళ్ల వైపు చూశాడు. వంటింటి రబ్బరు బూట్లు, పైనంతా సోబా పిండి.

"బూట్లు తోముకో" అన్నాడు.

వదిన పెట్టె దగ్గరికి వెళ్లి తోముకుంది.

"మడమ కూడా."

మళ్లీ తోముకుంది. అరిగిన మోకాళ్లతో ఒంటికాలి మీద నిలబడి, గేటు పట్టుకుని, పళ్లు బిగబట్టి. అన్న టికెట్టు తీసుకుని చింపాడు. ఆ చిన్న కాగితం చింపడానికి అతనికి రెండు మూడు సార్లు పట్టింది. నేనూ టికెట్టు ఇచ్చి, బూట్లు తోముకుని ఆమె వెనకే వెళ్లాను.

మొదటి మలుపు దగ్గర నల్లటి గుంటకు తాడు కట్టి ఉంది. వదిన అటు చూసి తల వంచి నమస్కారం పెట్టింది, ముందుకు నడిచింది. ఆ తర్వాత చెట్లు పల్చబడ్డాయి. పువ్వుల గురించి నేను చెప్పను. వర్ణనల మీద నాకు విరక్తి పుట్టి చాలా కాలమైంది. తెల్లగా, కనుచూపు మేర ఉన్నాయి. అంతే.

వదిన నిలబడి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చెక్కబాటకు ఆనుకుని, పలక అంచునే లేచిన ఒక పువ్వు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. వెనకవాళ్లు సణుగుతూ పక్క పలక మీద నుంచి వెళ్లిపోయారు. ఆమె రెండు చేతులూ పలక మీద ఆనించి, వంగి, ఆ తెల్లటి ముసుగులో మొహం పెట్టింది. అలాగే ఉండిపోయింది. లేచేసరికి మొహం మళ్లీ ఎర్రబడింది. ఆ ఎరుపు నాకు బాగా తెలుసు.

"పద" అంది. ఇంకో అడుగు ముందుకు వేయకుండా వెనక్కి తిరిగింది.

గేటు దగ్గర అన్న మమ్మల్ని చూసి ఈల చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు. చాలా రోజుల తర్వాత తనే మాట కలిపాడు.

"చూశావా?"

"చూశాను." వదిన అతని మీదకు ఒక అడుగు వేసింది. "ఎంత తెల్లగా ఉంటాయో చెప్పావు. ఎన్ని లేచాయో చెప్పావు. ఏ మడుగు పక్కన ఎట్లా ఉన్నాయో ఏటేటా చెప్పావు. అంత కమ్మటి వాసన వస్తుందని ఒక్కసారైనా చెప్పావా? అదెందుకు దాచుకున్నావ్?"

అన్న ఈల తిప్పడం ఆపాడు.

"వాసనా?" అన్నాడు. "వస్తుందా?"

వదిన ఏదో తిట్టబోయి ఆగింది. అతను దాచుకోలేదు. అతనికి తెలియదు. జనం పాదాలు ఎక్కడ పడుతున్నాయో చూడడానికే బతుకంతా సరిపోయి, పక్కనే ఉన్న పువ్వు దగ్గర ఒక్కసారీ వంగలేదు ఆ మనిషి. నాకు వాళ్లిద్దరి మీదా ఎంత కోపం వచ్చిందంటే, ఏడుపొచ్చింది.

వదిన అతని మెడలోంచి ఈల లాగి తన మెడలో వేసుకుంది. పచ్చ పట్టీ విప్పి తన చేతికి కట్టుకుంది.

"వెళ్లు. పలక దిగకుండా వంగు. గేటు నేను చూసుకుంటా."

"హనిషినా గారు..."

"వెళ్లమన్నానా!"

వెళ్లాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, బూట్లు తోముకుని మళ్లీ వెళ్లాడు.

అతను అంత తొందరగా రాలేదు. మా కొట్టు ముందు వరస తిట్టుకుంటూనే ఉంది. పండగ ఉపన్యాసం ముగించుకుని హనిషినా అతిథులను వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చి, పచ్చ పట్టీ కట్టుకున్న మనిషిని చూసి నోరు తెరిచాడు. వదిన అతని మొహం చూడలేదు. అతని బూట్లు చూసింది.

"తోముకోండి" అంది. "మడమ కూడా."